వాటర్లూ టేబుల్ మీద తెల్ల పెలిస్‌లు

1815 జూన్ 18న వాటర్లూ మైదానంలో నెపోలియన్ దగ్గర, ఆయన సొంత గార్డు దళాన్ని పక్కన పెడితే, హుస్సార్ (తేలికపాటి గుర్రపు దళం) రెజిమెంటు ఒక్కటే ఉంది. అది ఏడవది. ఆకుపచ్చ డోల్మన్ (బిగుతైన పొట్టి కోటు), దాని మీద భుజానికి వేలాడే ఆకుపచ్చ పెలిస్ (రెండో కోటు), ఎర్ర ప్యాంటు. కల్నల్ మార్బో ఆ రెజిమెంటుతో కుడి కొసన, ఫ్రిషెర్మాన్ వైపు కాపలా కాశాడు. ఒకటి, నాలుగు, ఐదు, ఆరు నంబర్ల హుస్సార్లు ఆ రోజు అక్కడ లేరు. తూర్పున వావ్ర్ దగ్గర, మార్షల్ గ్రూషీ కింద ఉన్నారు.

అయినా నేను చూసిన వాటర్లూ ఆటల్లో, అంటే బొమ్మ సైనికులతో టేబుల్ మీద ఆడే యుద్ధాల్లో, ఐదో హుస్సార్లు తరచూ ప్రత్యక్షమవుతుంటారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆకాశనీలం డోల్మన్, దాని పైన తెల్ల పెలిస్, నిమ్మపండు రంగు తాళ్ళు. దుకాణంలో డబ్బా మీది బొమ్మ చూస్తే చెయ్యి దానికే పోతుంది. ఇంటికి తెచ్చుకుని, కళ్ళు పోయేలా కూర్చుని, ఒక్కొక్క తాడుకీ రంగు వేసి, పుస్తకంతో పోల్చి చూసుకుని తీసుకొచ్చి టేబుల్ మీద పెడతారు. రంగుల్లో ఒక్క తప్పు పట్టలేం. తప్పల్లా ఆ మనుషులు అక్కడ ఉండటమే.

దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయడం నా వల్ల కాదు. గ్రూషీ దగ్గర ఆ రోజు దాదాపు 33 వేల మంది ఉన్నారు. వాళ్ళు రాకపోవడమే వాటర్లూ కథ. నెపోలియన్ మధ్యాహ్నమంతా ఎవరి కోసం తూర్పు వైపు చూశాడో, వాళ్ళలో కొందర్ని పొద్దున్నే తెచ్చి నిలబెట్టేస్తే ఇంక ఆ ఆటకి వాటర్లూ అనే పేరెందుకు? ఐదో హుస్సార్ల మీద అంత మోజుంటే 1806 ఉంది కదా. ఐదు, ఏడు నంబర్ల రెజిమెంట్లతో జనరల్ లసాల్ ఆ అక్టోబరు 29న స్టెటిన్ కోట ముందు నిలబడి, ఐదు వేలకు పైగా సైనికులున్న ఆ కోటని కేవలం దబాయింపుతో లొంగదీసుకున్నాడు. ఆ ఆట ఎవరైనా పెడితే నేనూ వస్తాను.

ఈ హాబీ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సీసం కలిపిన లోహంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న సైనికుల్ని కొనుక్కుని, మనమే రంగులు వేసుకుని, పెద్ద టేబుల్ మీద గుట్టలు, ఊళ్ళు, వాగులు అమర్చి, స్కేలుతో దూరాలు కొలుస్తూ పాచికలు వేస్తూ పాత యుద్ధాలు ఆడతాం. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకీ పిచ్చి పట్టుకుంది. అక్కడ ప్రతి పట్టణంలోనూ ఇలాంటి క్లబ్బు ఒకటి ఉంటుందేమో అనిపించేది. హుస్సార్ డ్రెస్ ఎలా ఉంటుందో మనవాళ్ళకి చెప్పాలంటే పెళ్ళి బ్యాండు మేళాన్ని గుర్తు చేసుకోమంటాను. ఛాతీకి అడ్డంగా వరసలుగా బంగారు రంగు తాళ్ళు, మధ్యమధ్య గుండీలు ఉంటాయి చూడండి, ఆ డిజైన్ వంశవృక్షం మిలిటరీ బ్యాండ్ల మీదుగా హంగేరీ గుర్రపు రౌతుల దాకా పోతుంది. ఆ బిగుతైన పొట్టి కోటే డోల్మన్. దాని మీద ఎడమ భుజానికి వేలాడేసుకునే, బొచ్చు అంచున్న రెండో కోటు పెలిస్.

అక్కడ నేను వెళ్ళిన క్లబ్బులోనే ఒక పెద్దాయన నా షసర్ల మీదకి వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది కాపుసీన్ కాదు, ఆరెంజ్" అని తేల్చేశారు. అదే టేబుల్ మీద, ఆయన మోచేతి పక్కనే, ఐదో హుస్సార్లు తెల్ల పెలిస్‌లు వేసుకుని వాటర్లూలో పరుగులు తీస్తున్నారు. వాళ్ళ గురించి ఆయన పల్లెత్తు మాట అనలేదు.

ఈ కాపుసీన్ గొడవేమిటో చెప్పాలి, ఎందుకంటే ఇందులో మంచి తమాషా ఉంది. ఫ్రెంచి తేలికపాటి అశ్వికదళంలో ఎక్కువ మంది హుస్సార్లు కాదు, షసర్లు. అందరికీ ఆకుపచ్చ కోటే. రెజిమెంటుని గుర్తుపట్టడానికి కాలర్, చేతి పట్టీల రంగు చూడాలి. మూడేసి రెజిమెంట్లకి ఒక రంగు. 1, 2, 3కి ఎరుపు, 4, 5, 6కి పసుపు, 7, 8, 9కి గులాబీ, ఇలా సాగుతుంది. మూడింటిలో మొదటిదానికి కాలర్, చేతి పట్టీలు రెండూ ఆ రంగే. రెండోదానికి కాలర్ ఆకుపచ్చ, పట్టీలు మాత్రమే రంగు. మూడోదానికి కాలర్ రంగు, పట్టీలు ఆకుపచ్చ. 17, 18 నంబర్లు ఖాళీ. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది, ఎవరో లెక్కల మేష్టారు కూర్చుని వేసినట్టుంటుంది.

గుడ్డ మీదకి వచ్చేసరికి మాత్రం కథ మారుతుంది. 13 నుంచి 15 దాకా ఆరెంజ్. 19 నుంచి 21 దాకా అరోర్, అంటే తెల్లవారుజామున ఆకాశంలో కనిపించే పసుపు కలిసిన నారింజ. 22 నుంచి 24 దాకా కాపుసీన్, అంటే కాస్త ఎరుపు తిరిగిన నారింజ. ఎరుపుల్లోనూ ఇదే తంతు. స్కార్లెట్, క్రిమ్సన్, గారాన్స్, అమరంత్ అని నాలుగు రకాలు. అద్దకం డేగిసాల్లో, ఒక్కో ఊళ్ళో ఒక్కో నీటితో, యుద్ధ కాలపు కాంట్రాక్టర్ చేతుల్లో తయారైన గుడ్డలో ఈ తేడాలు ఎంతవరకు నిలిచాయంటారు? పైగా సైనికుడు అదే కోటు వానలో, ఎండలో, గుర్రం చెమటలో నెలల తరబడి వేసుకునేవాడు.

ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో దాదాపు అరవయ్యో వంతు. టేబుల్ పక్కన నిలబడి మీటరు దూరం నుంచి దాన్ని చూస్తున్నామంటే, నిజం మనిషిని అరవై మీటర్ల అవతల నుంచి చూస్తున్నట్టు. అరవై మీటర్ల దూరంలో గుర్రం మీద దూకుడుగా వస్తున్నవాడి కాలర్ ఆరెంజా కాపుసీనా అని చెప్పగలిగిన మొనగాణ్ణి నాకు చూపించండి. 6 మిల్లీమీటర్ల బొమ్మలైతే ఆ దూరం మూడొందల మీటర్లు. అక్కడ కాలర్ ఉందని కూడా తెలియదు.

ఆకుపచ్చ సంగతి మరీ ఘోరం. ఆ రోజుల్లో ఆకుపచ్చకి నేరుగా వాడే మంచి రంగు లేదు. నీలిమందులో ఒకసారి, పసుపు రంగులో ఒకసారి ముంచి తీసేవారు. రెంటిలో ముందు వెలిసేది పసుపు. అందుకే కొత్త కోటు ముదురు ఆకుపచ్చగా ఉన్నా, ఏడాది తిరిగేసరికి నీలం వైపు జరిగేది. నీలిమందుకి వేరే చిక్కు. మంచి నీలిమందు మన దేశం నుంచి, ముఖ్యంగా బెంగాల్ నుంచి, ఇంగ్లీషువాళ్ళ ఓడల్లో వెళ్ళేది. ఆ ఇంగ్లీషువాళ్ళతోనే ఫ్రాన్సుకి యుద్ధం. దాంతో 1806లో కొన్ని పదాతి రెజిమెంట్లకి నీలం కోట్లు మాని తెల్ల కోట్లు ఇమ్మని ఆర్డర్ వేసేదాకా వెళ్ళింది వ్యవహారం. ఇంత గందరగోళంలో "షసర్ ఆకుపచ్చ అంటే ఫలానా కంపెనీ ఫలానా నంబర్ సీసా" అని పట్టుబట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంకా పట్టుబడితే అసలు అచ్చులోనే తప్పుంది. హుస్సార్ డోల్మన్ మీద రూలు ప్రకారం 18 వరసల తాళ్ళు. అంగుళం ఎత్తు బొమ్మ ఛాతీ మీద పద్దెనిమిది గీతలు చెక్కితే బ్రష్ ఆనదు, అందుకని శిల్పి అందులో సగంతో సరిపెడతాడు. కత్తి ఒర కూడా అసలు కొలతలో చేస్తే దారంలా విరిగిపోతుంది కాబట్టి లావుగా పోస్తాడు. ముఖాలు, చేతులు పెద్దవి. ఈ రాజీలన్నీ మారు మాట్లాడకుండా ఒప్పుకుని, కాలర్ దగ్గరికి వచ్చేసరికి న్యాయాధిపతి అయిపోవడం ఏం న్యాయం?

కాబట్టి నేను అడిగేది ఒకటే: ఈ తప్పు వల్ల ఏ అబద్ధం పుడుతోంది? ఆరెంజ్ బదులు కాపుసీన్ వేస్తే యుద్ధం గురించి మనకి తెలిసినదాంట్లో ఏదీ మారదు. ఐదో హుస్సార్లని వాటర్లూకి తెస్తే మారుతుంది.

ఈ కొలబద్ద పట్టుకుని చూస్తే, మన టేబుళ్ళ మీద అందరూ మెచ్చుకునే సైన్యాలే ఎక్కువ తప్పులతో కనిపిస్తాయి. అన్నిటికంటే పెద్దది కవాతు డ్రెస్సు. షాకో (గొట్టంలాంటి ఎత్తు టోపీ) మీద నిటారుగా ఈక, తెల్లగా మెరిసే తాళ్ళు, బిగుతు ప్యాంటు, భుజాన పెలిస్, రాజముద్ర కనిపించేలా వేలాడే సాబర్టాష్ సంచి. ఇది పారిస్‌లో చక్రవర్తి ముందు కవాతు చేసే రోజు వేషం. దండయాత్రలో షాకోకి నల్ల మైనపు గుడ్డ తొడుగు, ఈక పెట్టెలో, సాబర్టాష్‌కీ తొడుగే. బిగుతు ప్యాంటు మీద, పక్కల పొడుగునా గుండీలు, కాళ్ళ మధ్య తోలు అతుకులు ఉన్న వదులు ఓవరాల్స్. క్లోకు చుట్టి భుజం మీంచి అడ్డంగా కట్టుకుంటే కత్తి దెబ్బకి కాస్త అడ్డు. అంతా బూడిద, ఆకుపచ్చ, మట్టి రంగు. 1812 రష్యా యాత్రలో వెంట నడిచి బొమ్మలు గీసినవాళ్ళు ఉన్నారు. వుర్టెంబర్గ్ ఫిరంగి దళం ఆఫీసర్ ఫాబర్ దు ఫోర్ ఒకరు, యూజీన్ యువరాజు శిబిరంతో వెళ్ళిన చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ ఆడమ్ ఇంకొకరు. వాళ్ళ బొమ్మల్లో సైనికులు ఎలా ఉన్నారో చూసి, ఆ తర్వాత మన టేబుల్ చూడండి.

మరి ఈ కవాతు వేషం మన బుర్రల్లోకి ఎక్కడి నుంచి ఎక్కింది? రంగుల ప్లేట్ల నుంచి, అంటే యూనిఫాంలు చూపించే అచ్చు బొమ్మల నుంచి. మార్టినే పారిస్‌లో దుకాణం పెట్టుకుని అమ్మిన బొమ్మలు ఆ కాలానివే, కానీ కొనేది పారిస్ జనం, వాళ్ళకి ఈకలు కావాలి. 1812 రెగ్యులేషన్‌కి కార్ల్ వెర్నే వేసిన చిత్రాలు అందంగా ఉంటాయి, అవి ఎలా ఉండాలో చెప్పేవి, ఎలా ఉన్నారో చెప్పేవి కావు. యూనిఫాం ప్లేట్లకి పేరుపడ్డ చిత్రకారుడు క్నోటెల్ పుట్టిందే 1857లో. అంతకంటే నమ్మకమైన సాక్షులు ఆక్రమిత పట్టణాల్లో ఉండి వీధిలో పోయేవాళ్ళని గీసినవాళ్ళు, హాంబర్గ్‌లో సూర్ సోదరుల్లాంటివాళ్ళు. వాళ్ళ బొమ్మల్లో ఒక్కో రెజిమెంటు రూల్‌బుక్‌ని ఎలా వెక్కిరించిందో తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ సాక్ష్యాలన్నీ జల్లెడ పట్టి, ఏ సంవత్సరం ఏ రెజిమెంటు అని విడదీసి ప్లేట్లు వేసిన రూస్లో మీద నాకు అపారమైన గౌరవం. ఆయన ప్లేట్లని సంవత్సరం చూడకుండా వాడేవాళ్ళ మీదే నా కోపం.

ఈ రూల్‌బుక్ వేషం లోపల ఎంత డొల్లో మార్బోయే తన జ్ఞాపకాల్లో రాశాడు. 1799లో పదిహేడేళ్ళ వయసులో మొదటి హుస్సార్లలో చేరాడు. రెజిమెంటు పద్ధతి ప్రకారం హుస్సార్‌కి మీసాలుండాలి, చెంపల పక్కన జడలుండాలి. కుర్రాడికి రెండూ లేవు. దొంగ జడలు కట్టారు. నల్ల మైనం తీసుకుని బొటనవేలితో పై పెదవి మీంచి కళ్ళ దాకా పెద్ద మీసం దిద్దారు. అప్పటి షాకోలకి ముందు అంచు లేదు, నీడ పడదు. రివ్యూలో గంటల తరబడి నిలబడితే ఎండకి మైనం ఆరి చర్మాన్ని పట్టి లాగేదట. మార్బో కోతలు కోసే మనిషని పేరున్నవాడే, ఐనా ఈ చర్మం లాగడం కల్పించి రాసినట్టుండదు. దూరం నుంచి చూసిన జనరల్‌కి మాత్రం ఆ వరసలో అందరూ ఒకేలా, నిబంధన ప్రకారమే కనబడి ఉంటారు.

లసాల్ సంగతి సరేసరి. తేలిక దళానికి దేవుడిలాంటి జనరల్, ఏ రూలులోనూ లేని వదులు ప్యాంటు తొడుక్కుని తిరిగాడు. దానికి ఆయన పేరే వచ్చింది.

తప్పుల లెక్కకి వస్తే, ఈగిల్ ఒకటి, అంటే కర్ర చివర గద్ద బొమ్మ ఉన్న రెజిమెంటు జెండా. ఏ పెట్టె తెరిచినా హుస్సార్ల మధ్య ఒకడు చక్రవర్తి ఈగిల్ పట్టుకుని ఉంటాడు. 1806 దండయాత్ర ముందు హుస్సార్, షసర్ రెజిమెంట్లని ఈగిల్స్ డిపోలకి పంపేయమన్నారు. ముందుకి పోయి శత్రువు జాడ తీసి వెనక్కి పరిగెత్తుకొచ్చే దళం దగ్గర, పోగొట్టుకుంటే పరువు పోయే వస్తువు పెట్టడమెందుకన్నది కారణం. మాట వినని రెజిమెంట్లు కొన్ని ఉండవచ్చు. కానీ ప్రతి యూనిట్‌లోనూ ఈగిల్ పెడితే, తేలిక దళం పనేంటో టేబుల్ మీద ఎవరికీ అర్థం కాదు. రెండోది ఎలీట్ కంపెనీ, అంటే రెజిమెంటులో ఏరి తీసినవాళ్ళ జట్టు. బొచ్చు టోపీ, ఎర్ర ఈక, చూడటానికి రాజాలా ఉంటారు కాబట్టి సగం యూనిట్‌కి వాళ్ళే. రెజిమెంటులో ఎనిమిది కంపెనీలు, ఎలీట్ అందులో ఒకటి. పదహారు బొమ్మలుంటే బొచ్చు టోపీ ఇద్దరికే.

బల్లేలది ఇంకా పెద్ద కథ, ఎందుకంటే ఇక్కడ యూనిఫాం తప్పు నేరుగా ఆటలోకి దిగుతుంది. సోమోసియెర్రా కనుమలో 1808 నవంబరు 30న స్పెయిన్ ఫిరంగుల మీదకి ఎదురెక్కిన పోలిష్ గార్డు రౌతుల్ని దాదాపు అందరూ బల్లేలతోనే పెడతారు. ఆ రోజు వాళ్ళ చేతుల్లో బల్లేలు లేవు, అవి తర్వాతి ఏడు వచ్చాయి. మన రూల్స్‌లో బల్లెం ఉన్న దళానికి చార్జ్ చేసేటప్పుడు పాచికల్లో అదనపు లాభం ఉంటుంది. అంటే లేని బల్లేనికి లాభం ఇచ్చి, కత్తులతో ఆ కొండెక్కినవాళ్ళు చేసింది అంత అసాధ్యమేం కాదన్నట్టు చూపిస్తున్నాం. అలాగే 1809 వాగ్రామ్ టేబుల్ మీద ఇత్తడి హెల్మెట్ల ఫ్రెంచి లాన్సర్లు (బల్లెం రౌతులు). ఆ రెజిమెంట్లు పుట్టిందే 1811 జూన్‌లో, అందులో ఆరు అప్పటిదాకా డ్రాగన్లు అనే ఇంకోరకం గుర్రపు దళం.

ఇక "ఆటే కదా" అనేవాళ్ళకి. వాళ్ళ మాటలో పాయింట్ లేకపోలేదు, కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి కాలర్ రంగుతో భయపెట్టి పంపేయడం నేనూ చూశాను, అది దుర్మార్గం. కానీ ఆటే అయితే చదరంగం చాలు కదా. గుర్రం ఉంది, కోట ఉంది, రంగు వేసే పని లేదు. మనం 1815 అని, ఏడో హుస్సార్లని, ఫలానా రోజు, ఫలానా వాగు అని పేరు పెట్టుకుంటున్నామంటే ఆ రోజుకి ఎంతో కొంత బాకీ పడ్డట్టే. అలా అని ఎవరినీ కాలర్లు లెక్కపెట్టమనను. ఏ సంవత్సరం, ఏ దేశం, ఎండాకాలమా వానాకాలమా, ఆ రెజిమెంటు ఆ రోజు అక్కడ ఉందా లేదా, ఇవి ముందు చూసుకుంటే చాలు. దీనికి ఖరీదైన పుస్తకాలేం అక్కర్లేదు. ఆర్డర్ ఆఫ్ బ్యాటిల్ (ఆ రోజు ఏ దళాలు ఎవరి కింద ఉన్నాయో చెప్పే జాబితా) ఒకటి, కాస్త ఓపిక ఒకటి. ఆ తర్వాత ఆకుపచ్చ సీసా మీ ఇష్టం.

ప్రస్తుతం నా బల్ల మీద రెండో హుస్సార్లున్నారు. గోధుమరంగు డోల్మన్, ఆకాశనీలం చేతి పట్టీలు, హుస్సార్లందరిలోకీ నాకు నచ్చిన రంగుల జత. వాళ్ళని 1811 మే 16న స్పెయిన్‌లో జరిగిన అల్బుయెరా యుద్ధం కోసం చేస్తున్నాను. ఆ రోజు విస్తులా లాన్సర్లతో కలిసి కోల్‌బోర్న్ నడిపిన ఇంగ్లీషు బ్రిగేడ్‌ని తుడిచిపెట్టినవాళ్ళు వీళ్ళు. స్పెయిన్‌లో ఏళ్ళ తరబడి ఉన్న సైన్యం, ఫ్రాన్సు నుంచి బట్టలు సరిగా అందవు, అక్కడి ముతక బ్రౌన్ గుడ్డతోనే ప్యాంట్లు కుట్టించుకునేవారు. అందుకని ఓవరాల్స్‌కి ఒకే రంగు వేయడం మానేశాను. మూడు నాలుగు సీసాల బ్రౌన్లు, బూడిద కలిపి, ఏ ఇద్దరికీ ఒకటి కాకుండా చూస్తున్నాను. ఈగిల్ లేదు. షాకోలకి నల్ల తొడుగులు.

అల్బుయెరాలో ఆ దాడి జరిగింది కుండపోత వానలో, వడగళ్ళలో. ఇంగ్లీషువాళ్ళ తుపాకీ మందు తడిసిపోయింది, ఎదురుగా వస్తున్నది ఎవరో కూడా దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. అంత వానలో క్లోకు విప్పి కప్పుకోని రౌతు ఎంతమంది ఉంటారని ఆలోచించి, యూనిట్‌లో చాలామందికి మెడ నుంచి మోకాళ్ళ దాకా క్లోకులు కప్పేశాను. నాకు అంత ఇష్టమైన ఆ గోధుమరంగు డోల్మన్ ఇద్దరు ముగ్గురి మీద తప్ప కనబడదు. తాళ్ళ వరసలు గీసే పని తప్పినందుకు మాత్రం పైకి చెప్పకపోయినా సంతోషంగానే ఉంది.